తాళం చెవి ఇచ్చాక ఇల్లెవరిది?

సంపాదకులకు నమస్కారం.

క్యూబా మీద ఆంక్షల గురించి గత ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం, దానికి జవాబుగా అచ్చయిన రెండు ఉత్తరాలు చదివాం. వ్యాసకర్త వాదన ఇది: ఎవరితో వ్యాపారం చేయాలో మానాలో అమెరికా ఇష్టం, తన చట్టం తన గడ్డ మీద చేసుకుంది, అందులో పొరుగు దేశం సార్వభౌమత్వానికి వచ్చిన లోటేమిటి? జవాబు రాసిన ఇద్దరూ సామ్రాజ్యవాదం అన్న మాటను పదేసిసార్లు వాడారు గానీ, ఆ లోటు ఏ దారిన వస్తుందో ఒక్క వాక్యంలోనూ చెప్పలేదు. తిట్టడం సులువు, లెక్క విప్పడమే కష్టం. విప్పి చూద్దామనే ఈ ఉత్తరం. వ్యాసంలో రెండు పొరపాట్లు కూడా దొర్లాయి. ఉత్తరం పొడుగైంది, మీ కత్తెరకు అడ్డం రాము. చివరి దిద్దుబాటు మాత్రం వదిలేయకండి.

మొదటి పొరపాటు, క్యూబాలో జోక్యం చేసుకునే హక్కు అమెరికాకిచ్చిన 1901 నాటి ప్లాట్ సవరణ గురించి. అది క్యూబన్లు తమ రాజ్యాంగంలో తాము రాసుకున్న అంశమని వ్యాసం చెప్పింది. రాసింది వాషింగ్టన్‌లో. అప్పటి యుద్ధశాఖ మంత్రి ఎలిహూ రూట్ చిత్తుప్రతి తయారుచేస్తే, కనెక్టికట్ సెనేటర్ ఆర్విల్ ప్లాట్ దాన్ని సభలో పెట్టాడు. విడి బిల్లుగా కాదు, సైన్యం ఖర్చుల బిల్లుకు తోకగా తగిలించి పెట్టాడు. మార్చి 4తో ఆ కాంగ్రెస్ గడువు ముగుస్తుంది. ఈలోపు సైన్యం పద్దు గట్టెక్కాలి. తోక నచ్చనివాడు పద్దు మొత్తాన్నీ ఆపాలి, ఆపితే సిపాయి జీతానికి అడ్డుపడ్డవాడవుతాడు. 1901 మార్చి 2న అధ్యక్షుడు మెకిన్లీ సంతకం పెట్టాడు.

దాని వాక్యం ఎలా కట్టారో చూడాలి, కిటుకంతా అక్కడే ఉంది. ‘క్యూబా ఇలా చేయాలి’ అని అందులో ఉండదు. ద్వీపం పాలనను అక్కడి ప్రజలకు వదిలిపెట్టే అధికారం అమెరికా అధ్యక్షుడికి ఇస్తున్నాం, అయితే వాళ్ల రాజ్యాంగంలోనో దానికి జోడించిన శాసనంలోనో ఈ ఎనిమిది అంశాలు చేరిన తర్వాతే, అని ఉంటుంది. అంటే చట్టం ఆజ్ఞాపించేది తమ అధ్యక్షుణ్ని, తమ సైన్యాన్ని. పైకి చూస్తే అచ్చంగా ఇంటి వ్యవహారం. ఆ సైన్యం అప్పుడు ఉన్నది మాత్రం క్యూబా రాజధాని హవానాలో. చిరునామా వాషింగ్టన్‌ది, బట్వాడా హవానాలో.

ఇంత చుట్టు తిరగడానికి కారణం ఉంది. 1898 ఏప్రిల్‌లో స్పెయిన్ మీద యుద్ధానికి దిగేటప్పుడు అదే కాంగ్రెస్ టెల్లర్ సవరణ పేరుతో ఒక మాట ఇచ్చి ఉంది: శాంతి నెలకొల్పడానికి తప్ప ఆ ద్వీపం మీద పెత్తనం మాకు వద్దు, ఆ పని కాగానే దాన్ని దాని ప్రజలకే వదిలేస్తాం. ఆ డిసెంబరు 10న పారిస్‌లో స్పెయిన్‌తో సంధి కుదిరినప్పుడు బల్ల దగ్గర క్యూబన్ ఒక్కడూ లేడు. 1899 జనవరి 1 నుంచి అమెరికా సైనిక పాలన మొదలైంది. 1900 నవంబరులో 31 మంది ప్రతినిధులతో హవానాలో రాజ్యాంగ సభ కూర్చుంది. ఇచ్చిన మాట చట్టం రూపంలో ఉంది గనక దాన్ని కాదనలేరు, దాటాలి. అందుకే ప్లాట్ సవరణ ‘ఆ మాటను నెరవేరుస్తూ’ అనే మొదలవుతుంది. మాట తప్పలేదు, ఎప్పుడు నెరవేరినట్టో నిర్ణయించే హక్కు తమ దగ్గర పెట్టుకున్నారు, అంతే.

రాజ్యాంగ సభ ఊరికే తలూపలేదు. ఏప్రిల్‌లో ఒక ప్రతినిధి బృందం వాషింగ్టన్ వెళ్లి రూట్‌ని కలిసింది. జోక్యం చేసుకునే అంశం అంటే రోజువారీ పాలనలో వేలు పెట్టడం కాదులెమ్మని నచ్చజెప్పి పంపారు. ఆ నోటి మాటనే వివరణగా రాసి, మే 28న 15–14 ఓట్లతో సవరణను ఒప్పుకున్నారు. రూట్ కుదరదన్నాడు. అది కాంగ్రెస్ చేసిన చట్టం, ఒక్క అక్షరం మార్చే అధికారం అధ్యక్షుడికి కూడా లేదు, ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుంటేనే సైన్యం వెనక్కి వస్తుంది, అన్నాడు. తన చేతులు తానే కట్టేసుకుని బేరానికి వచ్చినవాడితో బేరం ఎలా ఆడతారు? జూన్ 12న 16–11తో సభ ఒప్పుకుంది. కర్ర ఉన్నవాడిదే బర్రె అంటారు. ఇక్కడ బర్రె యజమాని చేతే రసీదు కూడా రాయించుకున్నారు.

ఎనిమిది అంశాల్లో కొన్నిటికి పెద్ద వివరణ అక్కర్లేదు. సైనిక పాలనలో జరిగినవన్నీ చెల్లుతాయని ఒకటి, పచ్చజ్వరం (యెల్లో ఫీవర్) లాంటి అంటురోగాలు అమెరికా దక్షిణ రేవులకు పాకకుండా పారిశుధ్యం చూసుకోవాలని ఒకటి, ఇతర దేశాలతో స్వాతంత్ర్యానికి భంగం కలిగించే ఒప్పందాలు చేసుకోకూడదని ఒకటి. పైన్స్ ద్వీపం క్యూబా సరిహద్దుల్లో ఉందో లేదో తర్వాత తేలుద్దామని ఇంకొకటి. ఆ ‘తర్వాత’ 1925 మార్చిలో వచ్చింది. 1904లో సంతకాలైన ఒప్పందం అమెరికా సెనేట్‌లో 21 ఏళ్లు పడి ఉంది.

బరువంతా 2, 3, 7, 8 అంశాల్లో ఉంది. మూడోది, క్యూబా స్వాతంత్ర్యాన్ని కాపాడటానికీ, ప్రాణం, ఆస్తి, వ్యక్తి స్వేచ్ఛలను రక్షించగల ప్రభుత్వాన్ని నిలబెట్టడానికీ అమెరికా జోక్యం చేసుకోవచ్చంటుంది. ఈ మాటల్లో తప్పుపట్టడానికేమీ లేదు. ప్రాణం, ఆస్తి కాపాడే ప్రభుత్వం ఎవరికి వద్దు? అది కాపాడుతోందో లేదో తేల్చేది ఎవరన్నదే ప్రశ్న. రాజ్యాంగ సభలో దీన్ని గట్టిగా వ్యతిరేకించిన హువాన్ గ్వాల్బెర్తో గోమెజ్ ఒక పోలిక చెప్పాడు: ఈ అధికారం ఇవ్వడమంటే రాత్రనక పగలనక ఎప్పుడు కావాలంటే అప్పుడు లోపలికి రమ్మని మన ఇంటి తాళం చెవి చేతికివ్వడమే. తెలుగులో చెప్పాలంటే, ఇల్లు మనదే, దస్తావేజూ మనదే, గొళ్లెం మాత్రం బయటివైపు ఉంది.

తాళం చెవి ఉంటే దొంగలు రారని ఆనాటి సమర్థకులు అన్నారు. నాలుగేళ్లకే ఏం జరిగిందో చూడండి. 1902 మే 20న స్వాతంత్ర్యం వచ్చింది, ఎస్ట్రాడా పాల్మా అధ్యక్షుడయ్యాడు. రెండోసారి ఆయన గెలిచిన ఎన్నికల్లో దగా జరిగిందని 1906 ఆగస్టులో లిబరల్ పార్టీ తిరగబడింది. మామూలుగా అయితే ఓడినపక్షం గెలిచినపక్షంతో రాజీపడాలి, లేదా తన్నుకుని తేల్చుకోవాలి. ఇక్కడ మూడో దారి ఒకటి చట్టంలోనే రాసిపెట్టి ఉంది. ‘ఆస్తి’కి ముప్పు వస్తే అమెరికా రావాలి. చక్కెర మిల్లులు, చెరుకు తోటలు విదేశీ ఆస్తి, నిప్పంటుకుంటే క్షణాల్లో పోతాయి. కాబట్టి తిరుగుబాటుదారుకు సైన్యాన్ని ఓడించే అవసరం లేదు, చెరుకు తోట పక్కన నిలబడితే చాలు. అటు అధ్యక్షుడికీ రాజీపడే అవసరం లేదు, టెలిగ్రామ్ కొడితే చాలు. ఆయనే యుద్ధనౌకలు పంపమన్నాడు. ఆనాటి అమెరికా యుద్ధశాఖ మంత్రి టాఫ్ట్ వచ్చి రాజీ కుదర్చబోతే, సెప్టెంబరు 28న తానూ తన మంత్రులూ రాజీనామా చేసి దేశంలో ప్రభుత్వమే లేకుండా చేశాడు. మర్నాడు టాఫ్ట్ తానే తాత్కాలిక గవర్నర్‌నని ప్రకటించాడు. ఆ వెనక వచ్చిన చార్లెస్ మగూన్ 1909 జనవరి దాకా ఏలాడు. అల్లర్లను ఆపడానికి పెట్టిన అంశమే అల్లర్లకు లాభం చూపించింది. ఆ తర్వాత 1912లో, 1917లో మళ్లీ సైనికులు దిగారు.

రెండో అంశం అప్పుల గురించి: మామూలు రాబడితో తీర్చలేని అప్పు క్యూబా చేయకూడదు. బుద్ధిమంతుడు చెప్పే మాటలాగే ఉంటుంది. 1920లో చక్కెర ధర కుప్పకూలి బ్యాంకులు మూతపడ్డప్పుడు దీని పదును తెలిసింది. 1921 జనవరిలో ఎనోక్ క్రౌడర్ అనే అమెరికా సైనికాధికారి మిన్నెసోటా అనే యుద్ధనౌక మీద హవానా రేవుకొచ్చాడు. లంగరు వేసిన ఆ ఓడే ఆయన ఆఫీసు. అక్కడి నుంచి క్యూబా అధ్యక్షుడికి ఒకదాని వెనక ఒకటి లేఖలు వెళ్లాయి: బడ్జెట్ తగ్గించు, ఈ కాంట్రాక్టు రద్దు చెయ్యి, ఆ మంత్రిని మార్చు. 1922లో మంత్రివర్గమే మారింది. 1923లో అమెరికా బ్యాంకు మోర్గాన్ సంస్థ నుంచి 5 కోట్ల డాలర్ల అప్పు పుట్టింది. ఆ అప్పుకు వాషింగ్టన్ సరేననాలి, రెండో అంశం ఉంది గనక. క్రౌడర్ చెప్పిన సంస్కరణల్లో చాలావరకు అవసరమైనవేనని మా అభిప్రాయం, ఆనాటి హవానా ఖజానాలో చిల్లులు తక్కువేం కాదు. అయితే ఓటు వేసి ఆయన్ని తీసేసే వీలు హవానా పౌరుడికి లేదు.

ఎనిమిదో అంశం అన్నిటికన్నా తెలివైనది. ఇవన్నీ శాశ్వత ఒడంబడికలో కూడా రాయాలంటుంది. 1903 మే 22న అలాగే రాశారు. రాజ్యాంగాన్ని రేపొక సభ మార్చుకోవచ్చు. రెండు దేశాల ఒడంబడికను మార్చాలంటే రెండో దేశమూ ఒప్పుకోవాలి. ఒక తాళానికి రెండో తాళం.

ఇక ఏడోది, బొగ్గు నింపుకునే రేవులకూ నౌకాస్థావరాలకూ భూమి అమ్మాలి లేదా కౌలుకివ్వాలి. క్యూబా గడ్డ మీద అమెరికా నౌకాస్థావరమైన గ్వాంటనామో ఇలా వచ్చిందే. 1903 ఫిబ్రవరి ఒప్పందంలో ఒక వింత వాక్యం ఉంది: ఈ నేల మీద ‘అంతిమ సార్వభౌమత్వం’ క్యూబాది, ‘పూర్తి అధికారం, అదుపు’ అమెరికాది. కౌలు ఏడాదికి 2,000 బంగారు డాలర్లు. తర్వాత డాలరు విలువ మారాక అది 4,085 డాలర్లకు చేరి అక్కడే ఆగింది. మన డబ్బులో మూడున్నర లక్షల రూపాయల పైచిలుకు, నెలకు దాదాపు రూ.30 వేలు. 45 చదరపు మైళ్లకు! మా గుంటూరు బ్రాడీపేటలో మెయిన్ రోడ్డు మీద షట్టరు అడిగి చూడండి, ఆ డబ్బుకు దొరుకుతుందేమో. 1959లో విప్లవం తర్వాత వచ్చిన మొదటి చెక్కును ఫిడెల్ కాస్ట్రో కొత్త ప్రభుత్వం మార్చుకుంది. ఆ తర్వాత వచ్చినవాటిని ముట్టుకోలేదు. ఆ ఒక్క చెక్కునే అమెరికా పట్టుకుని, చూశారా కౌలు ఒప్పుకున్నారు అంటుంది.

అద్దె కడుతూ యజమానిని ‘అంతిమ యజమాని’గా ఉంచడం గుంటూరు వాళ్లకు కొత్త సంగతి కాదు. ఉత్తర సర్కార్లు కంపెనీ చేతికొచ్చినప్పుడు నిజామే పేరుకు ప్రభువు, కంపెనీ ఆయనకు ఏటా పేష్కషు కట్టేది. 1768 సంధి ప్రకారం మన గుంటూరు సర్కారు నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ బతికున్నంత కాలం ఆయనది, తర్వాత కంపెనీది. ఆయన 1782లో పోయాడు, 1788లో కంపెనీ గుంటూరును పుచ్చుకుంది. 1823లో ఏకమొత్తం చెల్లించి పేష్కషు పద్దునే మూసేశారు. ఆ మధ్యకాలమంతా హైదరాబాదులో ప్రభువు ఉన్నాడు, అద్దె ముడుతోంది. గుంటూరులో శిస్తు వసూలు చేసేదీ తగవు తీర్చేదీ మాత్రం వేరొకరు. బడిలో సాంఘికశాస్త్రంలో సైన్య సహకార పద్ధతి అని చదువుకున్నదానికీ దీనికీ చుట్టరికం ఉంది. నిజాం దేశంలో కంపెనీ సైన్యం, దాని ఖర్చు నిజాంది, విదేశీ వ్యవహారాలు కంపెనీవి. రూట్ మన చరిత్ర చదివాడని మేమనడం లేదు. బలవంతుడికి ఈ ఉపాయాలు ఎవరూ నేర్పనక్కర్లేదు.

‘అంతిమ సార్వభౌమత్వం’ మాట వందేళ్ల తర్వాత ఎలా పనికొచ్చిందో కూడా చెప్పాలి. 2002 జనవరి నుంచి గ్వాంటనామోలో ఖైదీలను పెట్టారు. వాళ్లు అమెరికా కోర్టుకెక్కితే ప్రభుత్వం వాదించిందేమిటంటే, ఆ నేల క్యూబాది, మా కోర్టులకు అక్కడ పనిలేదు! 2008 జూన్ 12న బుమెదియన్ కేసులో సుప్రీంకోర్టు 5–4తో ఆ వాదన తోసిపుచ్చింది, కాగితం మీద ఎవరిదైనా అదుపు పూర్తిగా అమెరికాదేగా అంది. రాజ్యాంగ సభ 16–11తో తలవంచిన తేదీ కూడా జూన్ 12 కావడం కాకతాళీయమే.

1934 మే 29న కొత్త ఒడంబడికతో ప్లాట్ సవరణ రద్దయింది, గ్వాంటనామో ఒక్కటీ మిగిలింది. వ్యాసకర్త కథను ఇక్కడ ముగించారు. అసలు మలుపు దానికి 20 రోజుల ముందు ఉంది. మే 9న జోన్స్-కాస్టిగన్ చట్టం వచ్చింది. అమెరికా మార్కెట్లో ఎవరి చక్కెర ఎన్ని టన్నులు కొనాలో అమెరికా వ్యవసాయ మంత్రి కోటా కడతాడు. ఇందులో క్యూబాకు ఆజ్ఞ ఏదీ లేదు, ఎవరికీ తప్పుపట్టడానికి వీల్లేదు. కానీ బతుకంతా చక్కెర మీద, చక్కెరంతా ఒక్క మార్కెట్ మీద ఉన్న దేశానికి ఆ కోటాయే రాజ్యాంగం. 1960 జులైలో ఐసెన్‌హోవర్ ఆ ఏడాదికి మిగిలిన 7 లక్షల టన్నుల కోటా కోసేశాడు. క్యూబాలో అమెరికన్ కంపెనీల జాతీయీకరణ, 1962 ఫిబ్రవరిలో పూర్తి వాణిజ్య నిషేధం ఆ వెంటే వచ్చాయి.

ఇంతవరకు ‘మా ఇష్టం, మేం కొనం’ అన్న వాదన నిలుస్తుంది. తన బజారు తలుపు మూసుకునే హక్కు ప్రతి దేశానికీ ఉంది. వ్యాసకర్త ఆగాల్సిన చోటు ఇది, ఆయన మాత్రం 1992, 1996 చట్టాలను కూడా ఇదే గాటన కట్టారు. ఆ రెండూ మూడో మనిషి తలుపు మూయించే చట్టాలు.

1992 నాటి టోరిసెల్లి చట్టం రెండు పనులు చేసింది. అమెరికా కంపెనీల విదేశీ శాఖలు, అవి ఏ దేశపు చట్టం కింద రిజిస్టరైనా సరే, క్యూబాతో వ్యాపారం చేయకూడదంది. క్యూబా రేవులో సరుకు దించిన ఓడ 180 రోజుల దాకా అమెరికా రేవులో ఎత్తుడు దింపుడు చేయకూడదంది. 1996 మార్చి 12న క్లింటన్ సంతకం చేసిన హెల్మ్స్-బర్టన్ చట్టంలో నాలుగు భాగాలున్నాయి. ఒకటో భాగం అప్పటి ఆంక్షల నియమాలన్నిటినీ చట్టంలో బిగించింది. అంతకుముందు అధ్యక్షుడు కలం పోటుతో తీసేయగలిగినవి ఇప్పుడు తీసేయలేడు. అందుకే 2015లో ఒబామా హవానాలో రాయబార కార్యాలయం తెరవగలిగాడు గానీ నిషేధం ఎత్తలేకపోయాడు. రూట్ నాటి వాక్యమే మళ్లీ: మా అధ్యక్షుడి చేతులు మేమే కట్టాం, విప్పాలంటే మీరే ఈ షరతులు నెరవేర్చాలి.

ఆ షరతులు రెండో భాగంలో ఉన్నాయి, వీటిని చదవకుండా ఈ చర్చ చేయడం దండగ. ఎన్నికల దాకా నడిపే పరివర్తన ప్రభుత్వంలో ఫిడెల్ కాస్ట్రో, రౌల్ కాస్ట్రో ఉండకూడదు, పేర్లతో సహా రాశారు. రాజకీయ ఖైదీలను వదలాలి. 18 నెలల్లో ఎన్నికలు పెడతానని మాటివ్వాలి. అమెరికా ప్రభుత్వం నడిపే రేడియో మార్తీ, టీవీ మార్తీ ప్రసారాలకు అడ్డుపడటం మానాలి. ఇక ఎన్నికైన ప్రభుత్వం కూడా చాలదు, అది ఆస్తి హక్కు పునాదిగా మార్కెట్ ఆర్థిక వ్యవస్థ వైపు గట్టిగా కదులుతూ ఉండాలి. ఖైదీల విడుదల, ఎన్నికలు మేమూ కోరేవే. ఐతే రేపు క్యూబా ఓటరు స్వేచ్ఛగా ఓటేసి చక్కెర మిల్లులు ప్రభుత్వానివిగానే ఉండాలన్నాడనుకోండి, ఆ తీర్పు వాషింగ్టన్ పరీక్షలో తప్పుతుంది.

మూడో భాగం, క్యూబా స్వాధీనం చేసుకున్న ఆస్తిని వాడుకునే ఏ దేశపు కంపెనీ మీదైనా అమెరికా కోర్టులో దావా వేయొచ్చంటుంది. ఆస్తి విలువ 50 వేల డాలర్లు దాటాలి, నష్టపరిహారం మూడింతల దాకా ఉంటుంది. ఆస్తి పోయిననాడు క్యూబా పౌరుడిగా ఉండి తర్వాత అమెరికా పౌరుడైనవాడు కూడా వేయొచ్చు. ఒక దేశం తన పౌరుడి ఆస్తిని తన గడ్డ మీద తీసుకుంటే పరాయి దేశపు కోర్టు విచారించడమన్న ఈ మెలిక అంతర్జాతీయ న్యాయంలో మింగుడుపడనిది. అధ్యక్షులంతా ఆరేసి నెలల చొప్పున ఈ భాగాన్ని నిలిపివేస్తూ వచ్చారు. 2019 మే 2న ట్రంప్ ప్రభుత్వం తలుపు తీసింది. నాలుగో భాగం అలాంటి కంపెనీల అధికారులకూ వాళ్ల భార్యాపిల్లలకూ వీసా నిరాకరిస్తుంది. కెనడా గనుల కంపెనీ షెరిట్ వాళ్లకు 1996లోనే ఈ దెబ్బ తగిలింది.

ఇది మన ఊరి సరుకుకు ఎలా తగులుతుందో లెక్కేద్దాం. ఏటుకూరు రోడ్డులోని ఒక ఎగుమతిదారు మిర్చి యార్డులో తేజ రకం టిక్కీలు (బస్తాలు) కొని, తొడిమ తీయించి, కంటెయినర్ కట్టి క్యూబాలోని మరియెల్ రేవుకు పంపాలనుకున్నాడనుకోండి. ఆయన అమెరికా పౌరుడు కాదు, మిరపకాయలో అమెరికా భాగం లేదు. మొదటి చిక్కు ఓడ దగ్గర. ఆహారంలాంటి మామూలు సరుకులకు 180 రోజుల నిబంధనను 2016లో సడలించారు. కానీ ఒక ఓడలో వందలాది పెట్టెలుంటాయి. ఏ పెట్టెలో ఏముందో తేల్చుకునే తలనొప్పి కన్నా ఆ రేవుకు పోకపోవడమే ఓడ కంపెనీకి నయం. ఒప్పుకున్నవాడు ఎక్కువ రేటు చెబుతాడు. రెండో చిక్కు డబ్బు దగ్గర. ఎల్‌సీ (సరుకు డబ్బుకు కొనేవాడి బ్యాంకు ఇచ్చే హామీపత్రం) డాలర్లలో తెరిస్తే, అవతలి బ్యాంకు యూరప్‌లో ఉన్నా మన బ్యాంకు అరండల్‌పేటలో ఉన్నా, డాలరు న్యూయార్క్‌లోని కరస్పాండెంట్ బ్యాంకు (మన బ్యాంకు తరఫున అక్కడ చెల్లింపులు చూసే బ్యాంకు) గుండానే రావాలి. అక్కడ కంప్యూటర్ బిల్ ఆఫ్ లేడింగ్‌లో (ఓడ సరుకు రసీదులో) క్యూబా అన్న మాట చూస్తే ఆపుతుంది. అటు నుంచి ఇటు కేవలం దాటిపోయే చెల్లింపులను 2016లో అనుమతించారు, 2019లో మానేశారు, 2024లో మళ్లీ అనుమతించారు. సరుకు ఎక్కించిననాటి నియమం డబ్బు వచ్చేనాటికి ఉంటుందో లేదో బ్యాంకు మేనేజరు చెప్పలేడు, అందుకని అసలు వద్దంటాడు. 2014లో ఫ్రాన్స్ బ్యాంకు బీఎన్‌పీ పారిబా సూడాన్, ఇరాన్, క్యూబా చెల్లింపుల కేసులో దాదాపు 900 కోట్ల డాలర్లు కట్టిన సంగతి ప్రతి బ్యాంకుకూ గుర్తుంది. యూరోల్లో రాసుకుంటే కొంత నయం, అదీ ఒప్పుకునే బ్యాంకు దొరికితే. ఇక మిర్చి కాకుండా వైద్య పరికరమో మోటారు కంట్రోలరో పంపాలంటే విలువలో అమెరికా భాగాలు 10 శాతం దాటాయేమో లెక్క తీయాలి. దాటితే, అది విజయవాడ ఆటోనగర్‌లో బిగించిందైనా సరే, వాషింగ్టన్ లైసెన్సు కావాలి. ఇందులో ఎక్కడా మన పార్లమెంటు చేసిన చట్టం లేదని గమనించండి.

ఎదురు చట్టాలు చేసినవాళ్లున్నారు. యూరోపియన్ యూనియన్ 1996 నవంబరులో, మెక్సికో ఆ అక్టోబరులో, కెనడా తన 1985 నాటి చట్టాన్ని సవరించి 1997 జనవరి నుంచి, తమ కంపెనీలు ఈ అమెరికా చట్టాన్ని పాటించకూడదన్నాయి. కెనడాలో పాటిస్తే 15 లక్షల కెనడా డాలర్ల దాకా జరిమానా. ఫలితం 1997లో వాల్‌మార్ట్ కెనడా దుకాణాల్లో కనబడింది, పైజామాల మీద. క్యూబాలో కుట్టిన పైజామాలు అరల్లో ఉంటే అమెరికా చట్టం ప్రకారం నేరం. తీసేస్తే కెనడా చట్టం ప్రకారం నేరం. తీసేశారు, కెనడా ప్రభుత్వం విచారణ అనగానే మళ్లీ పెట్టారు. నవ్వొస్తుంది గానీ, ఒక దేశపు దుకాణంలో ఏ బట్ట వేలాడాలో రెండు ప్రభుత్వాలు పోట్లాడుకోవడమే ఇక్కడి అసలు విషయం. మెక్సికో సిటీలో 2006 ఫిబ్రవరిలో ఇంకా సూటిగా జరిగింది. మరియా ఇసబెల్ షెరటన్ హోటల్లో దిగిన 16 మంది క్యూబా అధికారులను అమెరికా ఖజానా శాఖ మాట మీద బయటికి పంపేశారు. నేల మెక్సికోది, అతిథుల దగ్గర వీసాలున్నాయి, హోటల్ యజమాని మాత్రం అమెరికా కంపెనీ. తర్వాత మెక్సికో జరిమానా వేసింది. ఈలోపు అతిథులు వేరే హోటల్ వెతుక్కున్నారు.

ఎదురు చట్టాలు ఎందుకు సగమే పనిచేస్తాయంటే, అవి అమెరికా చట్టం పేరు చెప్పి వద్దన్నవాడిని పట్టుకోగలవు గానీ చల్లగా మానుకున్నవాడిని పట్టుకోలేవు. హవానాకు సరుకు పంపకపోవడానికి ఏ కంపెనీ అయినా ‘లాభం లేదు’ అని రాసుకోవచ్చు. కారణం అమెరికా భయమని ఎవరు రుజువు చేస్తారు?

మన దేశమూ ఇలాగే చిక్కుకుంది. 2018 మేలో అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ స్పష్టంగానే చెప్పారు, ఐక్యరాజ్యసమితి ఆంక్షలనే పాటిస్తాం, ఒక్కో దేశం పెట్టేవాటిని కాదని. ఏడాది తిరిగేసరికి, 2019 మే 2న అమెరికా ఇచ్చిన మినహాయింపు గడువు తీరింది, ఇరాన్ చమురు కొనుగోళ్లు ఆగాయి. హెల్మ్స్-బర్టన్ మూడో భాగం తలుపు తీసిందీ ఆ రోజే. క్యూబా మీద నిషేధం ఎత్తేయాలని 1992 నుంచి దాదాపు ఏటా ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో తీర్మానం నెగ్గుతోంది, 2023లో 187–2తో నెగ్గింది, మనమూ అటే ఓటేశాం. ఓట్లతో ఎల్‌సీ క్లియర్ కాదు.

అద్దం మనవైపూ తిప్పాలి, లేకపోతే ఈ ఉత్తరం సగం అబద్ధం. 1949 ఒప్పందం రెండో అధికరణం ప్రకారం భూటాన్ తన విదేశీ వ్యవహారాల్లో భారత ప్రభుత్వ సలహా మేరకు నడుచుకోవాలి. 2007లో గానీ ఆ మాట తీయలేదు. నేపాల్‌తో 1950 నాటి ఒప్పందం మీద ఖాట్మండులో ఇప్పటికీ గొణుగుడు ఉంది. ప్లాట్ సవరణతో వీటిని సమానం చేయలేం. కానీ తూకం వేసేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: షరతు నెరవేరిందా లేదా అని తేల్చేది ఎవరు?

వ్యాసకర్త చెప్పిన ఒక మాట మాత్రం సబబు. క్యూబా పాలకుల తప్పులన్నిటికీ ఈ చట్టాలే కారణం కావు. 1960లో తీసుకున్న ఆస్తులకు పరిహారం చెల్లించకపోవడం నిజం. అమెరికా కమిషన్ ధ్రువీకరించిన క్లెయిములు 5,913, విలువ సుమారు 190 కోట్ల డాలర్లు. అయితే కెనడా, స్పెయిన్, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ ఇవే తగాదాలను క్యూబాతో కూర్చుని ఏకమొత్తం ఒప్పందాలతో తేల్చుకున్నాయి. ఆ దారి మూసి లేదు.

ఇక రెండో పొరపాటు. గ్వాంటనామో కౌలు 99 ఏళ్లనీ, 2002లోనే తీరిపోయిందనీ వ్యాసం రాసింది. 99 ఏళ్లది హాంకాంగ్ పక్కనున్న న్యూ టెరిటరీస్ కౌలు, 1898లో మొదలై 1997లో తీరింది. గ్వాంటనామో కౌలుకు గడువే లేదు. 1934 ఒడంబడిక ప్రకారం రెండు ప్రభుత్వాలూ కలిసి మార్చుకుంటే మారుతుంది, లేదా అమెరికా ఆ స్థావరాన్ని తనంతట తాను వదిలేస్తే పోతుంది. క్యూబా ఒక్కతే రద్దు చేసుకునే వీలు ఆ కాగితంలో లేదు. దయచేసి సవరణ ప్రచురించగలరు.

ఇట్లు,
చరిత్ర, న్యాయశాస్త్రం బోధించే కొందరు అధ్యాపకులు,
బ్రాడీపేట, గుంటూరు